ఇంజిన్ ఎవరిదో తాళంచెవి చెబుతుందా?

2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్ చేరాయి. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా 22 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు తెరుచుకుంది. మరుసటి అక్టోబరుకి మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఈ మార్పును భూముల ధరలతో కొలిచినవాళ్లే ఎక్కువ. ట్యాక్సీ ఇంజిన్‌తో కొలిస్తే మరో చరిత్ర బయటపడుతుంది. విమానాశ్రయం ఊరి నడుమ ఉన్నన్నాళ్లూ అక్కడికి సవారీ అంటే చిన్న పని. శంషాబాద్‌కు పోయాక ఒక్క ట్రిప్పుకే రానూపోనూ యాభై కిలోమీటర్లు దాటసాగింది. బాడీ పాతబడకముందే ఇంజిన్ బోరుకొచ్చే రోజులు వచ్చాయి. ఉన్నదాన్ని విప్పి బాగుచేయించడమా, ప్రమాదంలో నలిగిన మరో కారు ఇంజిన్‌ను కొని ఎక్కించడమా అన్న లెక్క ట్యాక్సీ యజమానికి తప్పలేదు. సుమారుగా ఆ కాలంలోనే తాళంచెవిలో చిప్పు పెట్టిన ఇమ్మొబిలైజర్ కార్లు ట్యాక్సీ బోర్డు తగిలించుకోవడం పెరిగింది. దొంగల కోసం వచ్చిన పరికరంగానే దాన్ని మనం చూశాం. కానీ ఈ వృత్తిలో అది తెచ్చిన అసలు మార్పు వేరు. ఫలానా ఇంజిన్ ఫలానా కారుదే అని చెప్పే అధికారం రవాణా శాఖ దగ్గర్నుంచి కంపెనీ కంప్యూటరుకు జారుకుంది. అలా జారాలని ఏ చట్టమూ చెప్పలేదు.

అంతకుముందు ఆ అధికారం ఎక్కడుండేదో అంబాసిడర్ చెబుతుంది. పెట్రోలు అంబాసిడర్‌లో డీజిల్ ఇంజిన్ బిగించడం ఒకప్పుడు దేశమంతటా మెకానిక్కులకు అలవాటైన పని. మౌంటింగులు కుదరాలి, గేర్‌బాక్స్ కలవాలి, రేడియేటర్ తట్టుకోవాలి. కష్టమంతా వెల్డింగు, రెంచీలతో తీరేదే. 1998లో వచ్చిన టాటా ఇండికా డీజిల్ కూడా దాదాపు ఆ కుదురుదే. పంపు ఇంజిన్‌తోపాటే తిరిగి డీజిల్ తోస్తుంది, పంపు మీది సోలినాయిడ్‌కు కరెంటు అందితే చాలు, బండి స్టార్టవుతుంది. ఇంజిన్ గుర్తింపు బ్లాకు మీద పొడిచిన అంకెల్లో ఉండేది. ఆ అంకెల మీద పల్చని కాగితం అద్ది పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఆ ప్రింటును ఆర్‌సీలోని నంబరుతో పోల్చి చూస్తాడు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఈ వ్యవహారాన్ని ముందే ఊహించింది. మార్పు జరిగాక 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి. ట్యాక్సీలకు బాగా పనికొచ్చే వెసులుబాటు కూడా అందులోనే ఉంది: కనీసం పది రవాణా వాహనాలున్న యజమాని అదే తయారీ, అదే రకం ఇంజిన్‌ను ముందస్తు అనుమతి లేకుండానే మార్చుకునేలా రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. అంటే ఇంజిన్ మార్పిడిని చట్టం నేరంగా చూడలేదు, అద్దె బండి బతుకులో మామూలు ఘట్టంగా చూసింది.

ఇమ్మొబిలైజర్ పుట్టింది మరో లోకంలో. అమెరికాలో జనరల్ మోటార్స్ 1986 కార్వెట్ తాళంచెవిలో చిన్న రెసిస్టర్ పెట్టి దీనికి దారి వేసింది. యూరప్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది. మన దగ్గర అలాంటి నిర్బంధం కోసం ఆగకుండానే కంపెనీలు తెచ్చేశాయి. మారుతి దీన్ని ఐక్యాట్స్ అని పిలిచింది. పనితీరు తేలికే. తాళం రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట చెవిలోని చిప్పును పలకరిస్తుంది, చిప్పు తన కోడు చెబుతుంది, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు పెట్టె ఈసీఎం సరేనంటేనే ఇంజిన్‌కు ఇంధనం అందుతుంది. అయితే ట్యాక్సీ ఇంజిన్ మీద ఈసీఎంకు అంత పెత్తనం తెచ్చిపెట్టింది దొంగలు కాదు, పొగ. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు 13 నగరాల్లో అమల్లోకి వచ్చాయి, వాటిలో హైదరాబాద్ ఒకటి. పాత పంపు ఇంజిన్ల స్థానంలో కామన్‌రైల్ డీజిళ్లు స్థిరపడ్డాయి. వాటిలో ఇంజెక్టర్ తెరుచుకోవాలంటే ఈసీఎం ఆజ్ఞ కావాలి. పొగ తగ్గించడానికి వచ్చిన ఆ పెట్టెలోనే తాళమూ కూర్చుంది. విమానాశ్రయం దారిలో తిరిగిన స్విఫ్ట్ డిజైర్లు, ఇటియోస్‌లు ఈ తరానివే.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఇనుముకు ఈ తాళంతో పని లేదు. అదే రకం ఇంజిన్ తెచ్చి, పాత ఈసీఎం, పాత వైరింగు, పాత తాళంచెవి అలాగే ఉంచితే ఇమ్మొబిలైజర్ అడ్డుపడదు. కామన్‌రైల్ అయితే కొత్త ఇంజెక్టర్ల కోడ్లు ఎక్కించాల్సి రావచ్చు, అంతే. చిక్కంతా ఈసీఎం కూడా మారాల్సి వచ్చినప్పుడు. 2020 అక్టోబరు వరదల్లో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు హైవే మీద వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలూ పోయాయి. అలా నీట మునిగిన కారులో ఇంజిన్‌తోపాటు ఈసీఎం కూడా పోవచ్చు. వేరే బండి ఇంజిన్, దాని ఈసీఎం కొని బిగిస్తే సెల్ఫ్ తిరుగుతుంది, మీటరులో తాళం బొమ్మ మిణుకుతుంది, బండి స్టార్ట్ కాదు. ఇన్‌వాయిసు ఉంది, ఇంజిన్ నంబరు ఉంది, ఆర్‌సీలో ఎక్కించడానికి కార్యాలయం సిద్ధంగా ఉంది. ఒప్పుకోనిది కారు ఒక్కటే. దాన్ని ఒప్పించే సాధనం కంపెనీ డయాగ్నస్టిక్ పరికరంలో ఉంటుంది. లేదంటే ఇంజిన్ ఇచ్చిన బండి నుంచి తాళంచెవి, ఇమ్మొబిలైజర్ యూనిట్, ఈసీఎం మూడూ జోడీ విడదీయకుండా తేవాలి. తుక్కు బండిలో తాళంచెవి దొరకడం ఎంత అరుదో స్క్రాపు కొన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

దొంగతనాల మాటేమిటని అడగడం న్యాయమే. ఇమ్మొబిలైజర్ పని చేస్తుంది. నెదర్లాండ్స్ లెక్కలు పరిశీలించిన ఆర్థికవేత్తలు యాన్ వాన్ ఔర్స్, బెన్ వొలార్డ్ 1995–2008 మధ్య దీనివల్ల కార్ల దొంగతనాలు సగటున 40 శాతం దాకా తగ్గాయని తేల్చారు. అంత మేలు చేసిన పరికరాన్ని తీసేయమనడం తెలివితక్కువ. కానీ ఆ మేలు తాళం వల్ల వచ్చింది, తాళాన్ని తిరిగి జతచేసే పని కంపెనీ షోరూం దాటకపోవడం వల్ల కాదు. రోడ్డు పక్కన ఆపిన కారును ఎత్తుకుపోయేవాడికి, ఆర్‌సీ చేతబట్టుకుని ఇంజిన్ మార్చుకునే యజమానికి తేడా చెప్పగల కాగితాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఆ తేడాను కారు చూడలేదు, అంతే. మామూలు మెకానిక్కుకు అధికారిక దారి మూస్తే ఈసీఎం మెమరీలో తాళాన్నే చెరిపేసే అడ్డదారి మిగులుతుంది. అలా చెరిపిన బండిని ఎత్తుకుపోవడం దొంగకు మరింత సులువు. భద్రత పేరుతో దారి మూసి, చివరికి భద్రతనే పోగొట్టుకుంటున్నామన్న సంగతి కంపెనీలకు తెలియదనుకోలేను.

పరికరాలు బయటి మెకానిక్కుల చేతికిస్తే ప్రమాదమని, నకిలీ విడిభాగాలు పెరుగుతాయని కంపెనీలు చెప్పే మాట కొత్తది కాదు. అచ్చంగా ఆ వాదాన్నే కాంపిటిషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న తోసిపుచ్చింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు స్వతంత్ర గ్యారేజీలకు అందకుండా చేశాయని 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచి, కార్లనూ అందులో చేర్చింది. పోర్టల్‌లో ఫోన్ నంబర్లు, వారంటీ వివరాలు దొరికినంత మాత్రాన కాటేదాన్‌లోనో శంషాబాద్‌లోనో ఆగిపోయిన ట్యాక్సీ కదలదు. తెలంగాణ రవాణా శాఖ ఒక్క పని చేయవచ్చు. 52వ సెక్షన్ కింద ఇంజిన్ మార్పును ఆమోదించిన ప్రతి సందర్భంలోనూ, ఆ ఆమోదపత్రం చూపిన యజమానికి, అతను ఎంచుకున్న మెకానిక్ దగ్గరే, నిర్ణీత రుసుముకు ఈసీఎంను, తాళంచెవిని జతచేసి ఇవ్వాలని కంపెనీలను కట్టడి చేయమని కేంద్రాన్ని రాతపూర్వకంగా కోరాలి. ట్యాక్సీ సంఘాలు ముందుగా అడగాల్సింది కూడా ఇదే.