పిల్లనగ్రోవి కచేరీ ఎక్కిన చరిత్ర

మన సాహిత్యంలో పిల్లనగ్రోవికి దక్కినంత పొగడ్త మరే వాద్యానికీ దక్కలేదు. అంతగా పొగిడి అంత తక్కువ పని అప్పగించిన వాద్యమూ మరొకటి లేదు. పోతన మొదలుకొని భావకవుల దాకా వేణువు అంటే బృందావనం, వెన్నెల, విరహం. ఈ పొగడ్త వెనక ఒక తీర్పు దాగి ఉంది. ఇది చిన్న వాద్యం, మెత్తనిది, నాలుగు తీపి పలుకులు పలికి ఊరుకునేది; రాగాన్ని ఓపికగా విప్పి చూపడం వీణకో, సారంగికో, గాయకుడి గొంతుకో చెల్లుతుంది గాని దీనికి కాదు అన్నదే ఆ తీర్పు. అది ఎంత నిరాధారమో 20వ శతాబ్దం రుజువు చేసింది. రుజువు చేసినవారెవరు, వారికి అనుకూలించిన పరిస్థితులేవి అన్నది మన సంగీత విమర్శ తగినంతగా పట్టించుకోలేదు.

వాద్యం చాలా పాతది. 2008లో దక్షిణ జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో రాబందు ఎముకతో చేసిన ఐదు రంధ్రాల వేణువు దొరికింది. దాని వయస్సు సుమారు 40 వేల ఏళ్లని అంచనా. మన దేశంలో నాట్యశాస్త్రం వాద్యాలను నాలుగు తరగతులుగా విభజించి, ఊదే వాద్యాలకు సుషిరమని పేరు పెట్టి, వాటిలో వంశానికి పెద్దపీట వేసింది. సంస్కృతంలో వంశమంటే వెదురు. తెలుగులో క్రోవి అంటే గొట్టం. వసంతాలాడే చిమ్మనగ్రోవీ, పశువులు కాసేవాడి పిల్లనగ్రోవీ మాటవరసకు అక్కచెల్లెళ్లే. పర్యాయపదాలు వల్లె వేయించే మాబోటి మేష్టర్లు మురళి, వేణువు, వంశి అని చెప్పి ఊరుకుంటారు గాని, ఈ క్రోవి సంగతి చెప్పరు. దేవుడి చేతికి రాకముందు అది పనివాడి చేతిలోని గొట్టం.

దాని నిర్మాణం చూడండి. సన్నాయికి పీక ఉంది, వీణకు మెట్లు ఉన్నాయి, తంబురకు తీగలున్నాయి. వేణువుకు ఏమీ లేదు. పెదవుల నుంచి వచ్చిన గాలి రంధ్రం అంచుకు తగిలి చీలుతుంది, గొట్టంలో గాలి కంపిస్తుంది, అంతే. వేళ్లు రంధ్రాలను మూసేకొద్దీ గొట్టం పొడవైనట్లై స్వరం దిగుతుంది. ఊపిరి బిగించి ఊదితే అదే వేలిముద్రకు పై స్థాయి పలుకుతుంది. రంధ్రాన్ని సగం మూస్తే రెండు స్వరాల మధ్య ఉన్న స్వరం వస్తుంది. వేలిని జార్చితే గమకం వస్తుంది. అంటే వాద్యంలో సిద్ధంగా ఉన్నది చాలా తక్కువ. మిగిలినదంతా వాయించేవాడి పెదవి, ఊపిరి, వేళ్లు చేసి పెట్టాలి. దీని బలహీనత అని చెప్పుకున్నదే దీని శక్తి కూడా. మెట్లు లేని చోట అడ్డూ లేదు మరి.

అయితే పొట్టి వేణువుకు ఒక నిజమైన లోటుంది. మంద్రస్థాయి చాలదు. ఖయాల్ గాయకుడు విలంబంలో రాగాన్ని కింది నుంచి కట్టుకుంటూ వస్తాడు. జానెడు మురళితో ఆ పని సాగదు. ఈ సమస్యను తీర్చిన మనిషి పన్నాలాల్ ఘోష్. 1911లో, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న బరిసాల్‌లో పుట్టాడు. కుర్రతనంలో వ్యాయామశాలలు, బాక్సింగ్. ఆస్థానాలేవీ ఆయన్ను పోషించలేదు. కలకత్తాలో న్యూ థియేటర్స్ వాద్యబృందంలో పనిచేశాడు. 1938లో సెరైకెల్లా నృత్యబృందంతో యూరప్ తిరిగాడు. 1940లో బొంబాయి చేరి సినిమాలకు పనిచేశాడు. 1942లో వచ్చిన 'బసంత్' సంగీతం ఆయన పేరు మీదనే ఉంది. అంటే సినిమా, నృత్యం, వాద్యబృందం, ఈ మూడింటి అవసరాలు తెలిసిన వృత్తి కళాకారుడు. అంత పేరు వచ్చాక 1947లో అల్లాఉద్దీన్ ఖాన్ దగ్గర మళ్లీ శిష్యుడుగా చేరాడు.

ఆయన చేసిన పని చెప్పడానికి సులువు. గొట్టాన్ని పెంచాడు. సుమారు 32 అంగుళాల వేణువు, అందుకు తగిన లావు. చేయడానికి మాత్రం సులువు కాదు. అంత పొడవున కణుపు లేని వెదురు దొరకాలి. రంధ్రాల మధ్య దూరం పెరుగుతుంది గనక వేళ్లు చాచి పట్టే సాధన కావాలి. పెద్ద గొట్టాన్ని నింపే ఊపిరి కావాలి. వ్యాయామశాల ఇక్కడ పనికివచ్చిందని నా నమ్మకం. ఏడో రంధ్రం కూడా ఆయనే చేర్చాడని ఆయన పరంపరవారు చెప్తారు. ఇన్ని చేశాక వేణువు మీద విలంబ ఖయాల్ నిలిచింది. ఒక సంగతి మరిచిపోరాదు. పెద్ద వేణువు మంద్రస్థాయిలో చాలా మెల్లగా పలుకుతుంది. మైకు లేని సభలో నాలుగో వరసకు వినిపించదు. రేడియో, మైక్రోఫోను, రికార్డు వచ్చిన కాలంలోనే ఈ వేణువు రావడం కాకతాళీయం కాదు. 1956లో ఆయన ఆకాశవాణి వాద్యబృందానికి నిర్వాహకుడుగా ఢిల్లీ వెళ్లాడు. 1960లో పోయేనాటికి యాభై ఏళ్లు నిండలేదు.

దక్షిణాదిలో కథ వేరు దారిన నడిచింది. కుంభకోణంలో శరభశాస్త్రి (1872–1904) అనే అంధ విద్వాంసుడు ఎనిమిది రంధ్రాల వేణువును పూర్తి కచేరీ వాద్యంగా నిలబెట్టాడు. ఆయన శిష్యుడు పల్లడం సంజీవరావు దానికి ప్రతిష్ఠ తెచ్చాడు. ఆ తర్వాత వచ్చాడు మాలి, అంటే టి.ఆర్. మహాలింగం (1926–1986). వేణువు నేర్పిన గురువు లేడు. మేనమామ దగ్గర గాత్రం నేర్చుకుంటూ తనంత తాను వేణువు పట్టాడు. 1933లో ఏడేళ్ల వయస్సులో మైలాపూరులో కచేరీ చేశాడు. పెదవి పెట్టే తీరు, రంధ్రాలు మూసే తీరు రెండూ మార్చాడు. అంతకుముందు స్వరాలు విడివిడిగా వినిపించే చోట గొంతు పలికినట్టు గమకం పలికింది. కచేరీకి రాకపోవడం, వచ్చినా మధ్యలో లేచిపోవడం వంటి ఆయన చాపల్యాల మీద కాలక్షేపం కథలు బోలెడు. మేధావి అనగానే పిచ్చి వెతకడం మన పత్రికలకు అలవాటు. గురువు లేకపోవడం వల్లనే పాత వేలిముద్ర ఆయనకు శాసనం కాలేదన్న సంగతి ఆ కథల్లో ఎక్కడా కనపడదు. ఆయన శిష్యుడు ఎన్. రమణి పన్నాలాల్ దారి చూసి పొడవు వేణువును కర్ణాటక కచేరీకి తెచ్చాడు. సిక్కిల్ సోదరీమణులు కుంజుమణి, నీల జంటగా వాయించి, ఊదే వాద్యం ఆడవాళ్లకు తగదన్న మాటను వేదిక మీదనే కొట్టివేశారు.

మన తెలుగు రంగస్థలం ఈ విషయంలో ఒక తమాషా చేసింది. కృష్ణపాత్రధారి కళ్యాణం రఘురామయ్య (1901–1975) నోట్లో వేలు పెట్టుకొని ఈల వేసి పద్యరాగమంతా పలికించేవాడు. జనం ఆయన్ను ఈలపాట రఘురామయ్య అన్నారు. వేణువు లేకుండానే వేణునాదం! గాలిని చీల్చడమే అసలు విద్య అని ఇంతకంటె తేటగా ఏ శాస్త్రగ్రంథం చెప్పగలదు?

పాశ్చాత్యులు లోహపు వేణువుకు మీటలు పెట్టి వేరే దిక్కుకు వెళ్లారు. 1936లో ఎడ్గార్ వరేజ్ ఒక ప్లాటినం వేణువు కోసం రాసిన ఏకవాద్య రచనలో మీటలను చప్పుడయ్యేలా కొట్టమన్నాడు. తీపి వాద్యం ఒక్క క్షణం తాళవాద్యమైంది.

ఇంత జరిగాక అంగడి ఏం చేసింది? 1967లో శివకుమార్ శర్మ సంతూర్, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్, హరిప్రసాద్ చౌరసియా వేణువు కలిపి 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' అనే రికార్డు వచ్చింది. వాయింపులో లోపం పట్టలేం. కాని దానికి తొడిగిన కథ కాశ్మీరులో ఒక గొర్రెలకాపరి దినచర్య. కచేరీ గెలిచిన వాద్యాన్ని మళ్లీ కొండ మీదికి పంపితే గాని అమ్ముడుపోదనుకున్నారు కాబోలు. దానికి పన్నెండేళ్ల ముందు, 1955లో, 'పథేర్ పాంచాలి'కి రవిశంకర్ కూర్చిన సంగీతంలో వేణువు ఊరి దారి వెంట నడిచింది. అక్కడ దానికి అలంకారం పని లేదు, పేదింటి బతుకు చెప్పే పని ఉంది. పల్లె ఉండటం తప్పు కాదు. పల్లె ఒక పటంగా మిగలడమే తప్పు. సినిమా స్టూడియోల్లో ఇలా ఊదిన వందలాది చేతులకు తెర మీద పేరు పడలేదు. 1980ల తర్వాత కీబోర్డు మీద ఒక మీటకు వేణుధ్వని అతికించారు. స్టూడియో వేణువాదకుల పని అక్కడ చాలా తగ్గింది.

వేణువు చేసేవాళ్ల మాట కూడా చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని పిలిభిత్ పట్టణం తరతరాలుగా మురళీల తయారీకి పేరుపడింది. వెదురు అస్సాం వైపు నుంచి రావాలి. చేసేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాలవారు. జన్మాష్టమికి కృష్ణుడి బొమ్మ చేతిలో పెట్టే మురళిలోనూ, కచేరీ విద్వాంసుడు ఏరి కొనుక్కునే బాఁసురీలోనూ వారి శ్రమ ఉంది. ఎర్రగా కాల్చిన ఇనుప ఊచతో వెదురును తొలిచి, ఊది చూసి, మళ్లీ తొలిచి, చెవితోనే శ్రుతి చేస్తారు.