పగటి గీత, రాత్రి ఊహ

షుగర్ వచ్చిన పిల్లికి ఇన్సులిన్ సరిపోతోందా లేదా అని తేల్చడానికి పశువైద్యులు చాలాకాలం ఒకే పద్ధతి పాటించారు. పొద్దున్నే పిల్లిని ఆస్పత్రిలో దించి వెళ్లమనేవారు. రెండేసి గంటలకోసారి రక్తం తీసి, సాయంత్రానికి ఒక గ్రాఫు గీసేవారు. ఇన్సులిన్ మాత్రం సాధారణంగా పన్నెండు గంటల తేడాతో రెండుసార్లు పడుతుంది. పగటి డోసు పనితనం కాగితం మీద కనిపించేది, రాత్రి డోసు సంగతి ఊహకే మిగిలేది.

ఆ ఊహకు ఆసరా మనుషుల వైద్యం నుంచి వచ్చింది. హంగరీలో పుట్టి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పనిచేసిన మైకేల్ సొమోగీ 1930లలో ఒక సిద్ధాంతం చెప్పారు. ఇన్సులిన్ ఎక్కువై చక్కెర బాగా పడిపోతే, ఒళ్లు ఎదురుతిరిగి కాలేయంలోని నిల్వను రక్తంలోకి వదులుతుంది, దాంతో అంకె అమాంతం పైకి పోతుంది. ఇదే పిల్లులకూ వర్తింపజేశారు. ఉదయం చక్కెర 400 కనిపిస్తే, రాత్రి పడిపోయి ఉంటుందిలే అని డోసు తగ్గించేవారు. రాత్రి చూసినవాళ్లు లేరు కాబట్టి కాదనేవాళ్లూ తక్కువే.

పోనీ పగటి గ్రాఫైనా నిజం చెప్పేదా అంటే అదీ లేదు. బెదిరి పెనుగులాడే పిల్లికి ఆ కంగారుకే చక్కెర ఎగబాకుతుంది.

చిక్కుముడిని విప్పడం మొదలైంది స్విట్జర్లాండ్‌లో. 2000లో జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో క్లాడియా రాయిష్ బృందం, పిల్లి చెవి నుంచి తీసిన చిన్న చుక్కతో గ్లూకోమీటర్లు ఎలా పనిచేస్తాయో పరీక్షించింది. మనుషుల మీటర్లు పిల్లి రక్తంలో చక్కెరను తరచు తక్కువగా చూపిస్తాయి. మన రక్తంలోని చక్కెరలో చెప్పుకోదగ్గ వాటా ఎర్రకణాల్లో ఉంటే, పిల్లిలో సుమారు 93 శాతం ప్లాస్మాలోనే ఉండటం ఇందుకు ఒక కారణం. ఆ తేడా తెలిశాక పరీక్ష ఇంటికి చేరింది. 2007లో అదే బృందం ఇంకో మాట బయటపెట్టింది: ఇంట్లో తీసినా, ఒకే పిల్లి గ్రాఫు ఒకరోజున్నట్టు మరోరోజు ఉండదు.

నా దృష్టిలో అసలు మలుపు తిప్పింది యంత్రం కాదు, యజమానుల ఓపిక. పరిశోధకులు కిర్‌స్టెన్ రూంప్, జాక్వీ రాండ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో 55 పిల్లులకు గ్లార్జిన్ ఇన్సులిన్ ఇస్తూ, యజమానులే ఇంట్లో రోజూ పలుమార్లు చక్కెర చూశారు. 64 శాతం పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండాపోయింది. వ్యాధి బయటపడ్డ ఆరు నెలల్లోపే మొదలుపెట్టినవాటిలో అది 84 శాతం. ఇలా ఇళ్లలో పోగైన పదివేలకు పైగా గ్రాఫులను 2016లో వాళ్లిద్దరూ జల్లెడ పట్టారు. చక్కెర పడిపోవడం తరచుగానే కనిపించింది, సొమోగీ చెప్పిన ఎదురుదెబ్బ మాత్రం చాలా అరుదు. ఉదయపు 400 చూసి డోసు తగ్గించడానికి ఉన్న ఆధారం అక్కడే బలహీనపడింది.

2014లో మనుషుల కోసం యూరప్‌లో వచ్చిన, చక్కెర కొలిచే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్‌ను ఇప్పుడు పిల్లులకూ బొచ్చు గొరిగి అంటిస్తున్నారు. గడువు 14 రోజులైనా చాలా పిల్లుల మీద అంతకుముందే ఊడిపోతుంది. కానీ ఎనిమిది గంటల లెక్కను దాచుకుంటుంది కాబట్టి, యజమాని నిద్రలేచి స్కాన్ చేస్తే రాత్రి గ్రాఫు తెర మీదికి వస్తుంది. అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. అందుకే అంకె మరీ తక్కువగా కనిపిస్తే చెవి చుక్కతో సరిచూసుకోవడం మంచిది.