ప్రశ్నకు పీట వేసిన సభలు

కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో గద్వాల, కృష్ణకు ఉత్తరాన వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం కేంద్రంగా సాగిన జటప్రోలు. నిజాం రాజ్యంలోని ఈ సంస్థానాలు నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లోకి వస్తాయి. వీటి సాహిత్య చరిత్ర రాసేవారు చాలావరకు రాజుల దాతృత్వం దగ్గరే ఆగిపోతారు. పండితులకు దొరికిన ఆదరణ వల్లే గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు నిలిచిన మాట నిజమే. కానీ ఆ సభల్లో సన్మానం కన్నా విలువైన పని ఒకటి జరిగింది. నలుగురిలో ఎదుటివాణ్ణి నిలదీసి అడగడం, అడిగిందాన్ని చివరిదాకా వినడం అక్కడ ఒక క్రీడగా సాగాయి. ఆ క్రీడ పేరు అవధానం.

అవధానాలకు పేరుపడ్డ జంట కవులు తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలను సందర్శించారు. ఇలాంటి ఆస్థాన యాత్రల్లో చెప్పిన పద్యాలు ‘నానారాజ సందర్శనం’గా పుస్తకమయ్యాయి. అవధానాన్ని జ్ఞాపకశక్తి ప్రదర్శనగా చూడటం మనకు అలవాటు. దాని ప్రాణం మాత్రం వినికిడిలో ఉంది. నిషిద్ధాక్షరినే చూడండి. అవధాని ఒక అక్షరం పలకగానే, రాబోయే మాటను పృచ్ఛకుడు, అంటే ప్రశ్నించేవాడు, ఊహించి, తర్వాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని ఆ దారి వదిలి, ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా మరో అక్షరం వెతుక్కోవాలి. ఎదుటివాడి మనసులో ఏముందో పట్టుకోకపోతే ఇద్దరిలో ఎవరికీ ఆట సాగదు. అప్రస్తుత ప్రసంగి మధ్యలో అడ్డు తగిలి ఏదైనా అడగవచ్చు, వెక్కిరించవచ్చు. కోపం తెచ్చుకుంటే అవధాని ఓడినట్టే. అడిగేవాడికి హక్కు, వినేవాడికి బాధ్యత, రెండూ నియమంగానే ఉన్నాయి.

ఇది సంస్కృతాంధ్రాలు చదువుకున్న కొద్దిమంది పురుషుల వినోదమే కదా, ఇందులో స్వేచ్ఛా సంభాషణ ఎక్కడిదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పొలంలో పని చేసే రైతుకు, పాలేరుకు పృచ్ఛకుడి పీట దక్కలేదు. పన్నుల గురించి ప్రశ్న వేసే అవకాశమూ లేదు. ఆ లోటును సంస్థానాల కీర్తితో కప్పిపుచ్చకూడదు. అయితే పీట ఎవరికి దక్కిందన్నది ఒక సంగతి, ఆట నియమాలు ఏమిటన్నది మరొకటి. బహిరంగ సభకు ముందస్తు అనుమతి కావాలని గష్తీ నిషాన్ 53 పేరిట ఉత్తర్వు ఇచ్చిన నిజాం రాజ్యం అది. అలాంటి చోట నలుగురి ముందు ప్రశ్న అడగడాన్ని మర్యాదగా నిలబెట్టిన సంప్రదాయం, పరిధి ఎంత చిన్నదైనా, తేలికగా తీసేయదగింది కాదు.

నడిగడ్డలోని ఇటిక్యాలపాడుకు చెందిన, 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి చేసిన పని ఇక్కడ గుర్తుకొస్తుంది. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు ఆయన తిట్టుకు తిట్టు అప్పజెప్పలేదు. 354 మంది కవుల పద్యాలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ఆ ఓర్పు అవధాన సభల నుంచే వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. ఆక్షేపణను పూర్తిగా విని, దానికి తగిన జవాబే చెప్పే పద్ధతి మాత్రం రెండింటిలోనూ ఒకటే.

నేడు ఈ మూడు జిల్లాల బడుల్లో ఆ పీటను అందరికీ వేయవచ్చు. బడిలో ఆడే నిషిద్ధాక్షరికి ఛందస్సే అక్కర్లేదు, మామూలు వాక్యంతోనూ ఆడించవచ్చు. తెలుగు ఉపాధ్యాయులు వారానికి ఒక్క పీరియడు దీనికి కేటాయించాలి. పృచ్ఛకుల వరుసలో ముందుగా, తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలను కూర్చోబెట్టాలి.