ఏఐ సర్వర్లు: టెండరు దశలోనే పదార్థాల ఎంపిక

కృత్రిమ మేధ అనగానే సాఫ్ట్‌వేర్ గుర్తుకు వచ్చినప్పటికీ, దానిని నడిపించే సర్వర్లు ఖనిజాలపై ఆధారపడి ఉన్నవి. చిప్‌లకు సిలికాన్, రాగి, కెపాసిటర్లకు టాంటలం, హార్డ్ డిస్కులలోని అయస్కాంతాలకు నియోడిమియం, బ్యాటరీలకు లిథియం అవసరమవుతున్నవి. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో భారీ ఏఐ కేంద్రాన్ని ప్రకటించిన నేపథ్యంలో ఈ అంశం తెలుగు రాష్ట్రాలలోనూ ప్రాధాన్యం సంతరించుకున్నది.

ఈ ఖనిజాలలో పలు రకాల సరఫరా కొద్ది దేశాల చేతిలోనే ఉన్నది. ప్రపంచ కోబాల్ట్ ఉత్పత్తిలో సగానికి పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచే లభిస్తున్నది. గాలియం, జర్మేనియం ఎగుమతులకు చైనా 2023 ఆగస్టులో లైసెన్సును తప్పనిసరి చేసింది. కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో 30 కీలక ఖనిజాల జాబితాను ప్రకటించి, 2025 జనవరిలో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు ఆమోదం తెలిపింది.

కొనుగోలు సమయంలో నాలుగు అంశాలను పరిశీలించవలసి ఉన్నది.

మొదటిది, హానికర పదార్థాలు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల (నిర్వహణ) నియమాలు, 2022 ప్రకారం ఉపకరణాలలోని ప్రతి సజాతీయ పదార్థంలో సీసం, పాదరసం 0.1 శాతానికి, కాడ్మియం 0.01 శాతానికి మించరాదు. కొన్ని వినియోగాలకు మినహాయింపులు ఉన్నందున, వాటి వివరాలను సరఫరాదారు నుంచి లిఖితపూర్వకంగా కోరడం మేలు.

రెండవది, రీసైకిల్ చేసిన లోహం. ముడి ఖనిజం నుంచి అల్యూమినియం తయారీకి అయ్యే శక్తిలో సుమారు 5 శాతంతోనే తుక్కు నుంచి దానిని తిరిగి పొందవచ్చును.

మూడవది, బ్యాటరీలు, శీతలీకరణ ద్రవాలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు కోబాల్ట్ అవసరం లేదు. ప్రకృతిలో సులభంగా విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ రసాయనాల తయారీని 2025 చివరికి విరమిస్తామని త్రీఎం సంస్థ 2022 డిసెంబరులోనే ప్రకటించినందున, అట్టి ద్రవాలపై ఆధారపడే ముందు ప్రత్యామ్నాయాలను పరిశీలించడం అవసరం.

నాలుగవది, విడదీసే సౌలభ్యం. జిగురుతో అతికించిన భాగాల కంటే మరలతో బిగించిన భాగాల నుంచి లోహాలను వెలికితీయడం సులభం.

2022లో ప్రపంచవ్యాప్తంగా వెలువడిన 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలలో 22.3 శాతం మాత్రమే క్రమబద్ధంగా రీసైక్లింగ్‌కు చేరినట్లు ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక వెల్లడించింది. అనధికార తుక్కు కేంద్రాలలో తీగలను కాల్చడం, సర్క్యూట్ బోర్డులను ఆమ్లంలో నానబెట్టడం వలన కార్మికులు, పరిసరాలలోని పిల్లలు సీసం తదితర విషాల బారిన పడుతున్నారు. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను సురక్షితంగా వెలికితీసే పరిజ్ఞానాన్ని హైదరాబాద్‌లోని సీ-మెట్ కేంద్రం అభివృద్ధి చేసింది.

యంత్రం పాతబడిన తరువాత అందులోని పదార్థాలను మార్చడం సాధ్యం కాదు. కనుక పై నాలుగు అంశాలతో పాటు, అధీకృత రీసైక్లర్‌కు అప్పగించే బాధ్యతను కూడా టెండరు నిబంధనలలోనే పొందుపరచవలసి ఉన్నది.