ముఠా

చిత్తూరు, తిరుపతి పత్రికలు తిరగేస్తే 'ముఠా' అన్న మాట తగలని వారం ఉండదు. శేషాచలంలో ఎర్రచందనం నరికే ముఠా, యాత్రికుల జేబులు కొట్టే ముఠా. ఇంకొంచెం వెనక్కి పోతే, 'ఫ్యాక్షన్' అన్న మాట సీమలో ఇంతగా పాతుకోకముందు, ఊరిలో రెండు వర్గాల పగలకు 'ముఠా కక్షలు' అని పేరు. ఇంత మసిబారిన మాటను ఒక చట్టం తలకెత్తుకుంది. 1976 నాటి ఆ ఆంధ్రప్రదేశ్ చట్టం పేరు మొదలయ్యేదే 'ముఠా, జట్టు, హమాలీ' అని. బరువులు మోసేవాళ్లకు పని దొరికే తీరును క్రమబద్ధం చేయడం, వాళ్ల సంక్షేమం చూడడం దాని ఉద్దేశం. మహారాష్ట్రలో 1969లోనే మాథాడీ, హమాల్ కార్మికుల కోసం ఇలాంటి చట్టం వచ్చింది. అక్కడి మాథాడీ తల మీద మోసేవాడు.

హమాలీ సంగతి తేలిక. అరబ్బీలో 'హమల' అంటే మోశాడు, 'హమ్మాల్' అంటే మోసేవాడు. ఇస్తాంబుల్‌లోనూ ఆ పేరే. మన దగ్గర మనిషి పేరు అతని కూలికి కూడా అంటుకుంది. మండీ లెక్కచీటీలో హమాలీ ఒక ఖర్చు. సీమ నోట హకారం నిలవదు, అమాలీ అవుతుంది. జట్టు గురించి చెప్పేదేముంది, పిల్లల ఆట నుంచి క్రికెట్ దాకా దానికి మచ్చ పడలేదు.

ముఠా దగ్గరే ఆగాలి. మూటలు మోసేవాళ్ల గుంపు కనుక మూట నుంచే ముఠా పుట్టిందనిపిస్తుంది. ఊరించే వ్యుత్పత్తే, కానీ ఠకారం ఒప్పుకోదు. మూట ద్రావిడపు మాట, తమిళంలో మూట్టై. అచ్చతెలుగు మాటకు మహాప్రాణం పుట్టుకతో రాదు. ఠ ఉందంటే ఉత్తరాది చుట్టమన్నమాట. సంస్కృత 'ముష్టి' ప్రాకృతంలో 'ముట్ఠి' అయింది. హిందీలో ముట్ఠీ పిడికిలి, ముట్ఠా పిడికిట పట్టేంత కట్ట. మన ముఠా ఆ ఇంటిదే. గోదావరి మన్యంలో కొన్ని ఊళ్లను కలిపి ముఠా అన్నదీ ఈ కట్ట అన్న అర్థంలోనే అని నా ఊహ. 1879 రంప తిరుగుబాటులో ముందు నిలిచింది ఆ ముఠాల పెద్దలైన ముఠాదారులే.

అదే ముష్టి తెలుగులోకి నేరుగా వచ్చి ఏమయిందో చూడండి. పిడికెడు బియ్యం వేయడం నుంచి బిచ్చమయింది. ఒకే పిడికిలి ఒక దారిలో చాచిన చేతిలో పడే గింజలయింది, ఇంకో దారిలో చెయ్యి చాచే అవసరం లేని మనుషుల కట్టయింది. ఈ మాట చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇది. ఒంటరి కూలి తెల్లవారకముందే తిరుపతి అడ్డాలో నిలబడి, ఎవరు పిలుస్తారా అని వచ్చేపోయేవాళ్ల మొహాలు చూడాలి. ముఠాలో ఉన్నవాడికి ఆ అగత్యం లేదు. మదనపల్లె టమోటా మండీకి లారీ వచ్చినా, చిత్తూరు బెల్లం మండీకి వచ్చినా పిలుపు జట్టుకు వెళ్తుంది. రేటు జట్టుతో మాట్లాడాలి. వచ్చిన కూలిని జట్టు పంచుకుంటుంది.

మరి ఏ లారీకి ఎవరు వెళ్లాలో చెప్పేదెవరు? మేస్త్రీ. లాటిన్ 'మగిస్తర్' పోర్చుగీసులో 'మెస్త్రె' అయి, ఓడెక్కి మన తీరానికి వచ్చి మేస్త్రీ అయింది. ఇంగ్లీషు మాస్టరూ మిస్టరూ దీనికి అన్నదమ్ములే. చివర 'స్త్రీ' వినిపించడం కేవలం ధ్వని చలవ. జట్టు పుస్తకంలో ఆ శబ్దం తప్ప ఆడమనిషి పేరు కనబడడం అరుదు. మామిడి కాలంలో కాయలు ఏరి వేరుచేసేది ఆడవాళ్లు, లారీకి ఎత్తే పని, దాని రేటు మగవాళ్లవి. ముఠా చట్టం వచ్చిన 1976లోనే సమాన వేతన చట్టం కూడా వచ్చింది. పనిలోకి తీసుకునేటప్పుడే ఆడామగా తేడా చూపకూడదని అది చెప్పింది.

పిడికిలికి లోపల ఉన్నట్టే బయటా ఉంటుంది. ఆ బయట ఎంత భయంకరమో తెలుగువాళ్లు రంగూన్‌లో చూశారు. అక్కడి రేవులో సరుకు మోసేది మేస్త్రీల కింద పనిచేసే తెలుగు కూలీలు, కోరంగి రేవు పేరు మీద 'కోరంగీలు'. 1930 మే నెలలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేస్తే కంపెనీలు బర్మా వాళ్లను పెట్టుకున్నాయి. సమ్మె తీరి పాత జట్లు తిరిగొచ్చేసరికి కొత్తవాళ్లను పొమ్మన్నారు. అల్లర్లు రేగి వందమందికి పైగా చనిపోయారు. పని ఎవరిదన్న ప్రశ్నకు రాసిపెట్టిన జవాబు లేకపోవడం ఆ రక్తపాతానికి ఒక మూలం.

నాలుగేళ్లకు, 1934లో, శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కార్మికులు ప్రధానంగా ఈ ప్రశ్న మీదే పెద్ద సమ్మె చేశారు. రోజూ పొద్దున్నే వరుసలో నిలబెట్టి ఏరుకునే పద్ధతి పోయి, యూనియన్‌కు పట్టున్న పిలుపు కేంద్రం వచ్చింది. అప్పటిదాకా తక్కువ గంటలు పని దొరికినవాడిని ముందు పంపడం అక్కడ నియమమయింది. సభ్యులకే పని అనే కట్టుబాటును అమెరికా 1947లో చట్టం చేసి ఆపింది. 1961లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిషేధం ఎంతదాకా సాగుతుందో తేల్చింది: యూనియన్ చేతిలో పిలుపు ఉండడం చట్టవిరుద్ధం కాదు, ఆ పిలుపులో వివక్ష చట్టవిరుద్ధం.

మన సుప్రీంకోర్టు కూడా 1996లో, కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో, దీనికి దగ్గరి మాటే అన్నది. ఉపాధి కల్పనా కార్యాలయం పంపిన పేర్లనే చూస్తామంటే చాలదు, పత్రికల్లో ప్రకటించి మిగతావాళ్లనూ చూడాలి అని. ఆ తీర్పు ప్రభుత్వ కొలువులకు. మండీ దాకా అది రాలేదు. అక్కడ చాలాచోట్ల ముసలివాడు దిగితే కొడుకో అల్లుడో ఎక్కుతాడు; ఊరూ కులమూ జెండా కలవనివాడు గేటు బయటే ఉంటాడు.

దీనికి కావలసిన మాట తెలుగులో ఉంది: వంతు. వాటా అన్నా వంతే, క్రమంలో మన తరుణం అన్నా వంతే. రెండర్థాలూ విడదీయకుండా ఒక్క శబ్దంలో ఉంచిన భాష మనది. చెరువు కింద నీరుగంటి మడికి మడికి నీళ్లు తిప్పిందీ వంతు ప్రకారమే. ముఠా ఉండాలి, అది లేకపోతే కూలి మళ్లీ అడ్డాలో ఒంటరివాడవుతాడు. కానీ ఇవాళ ఎవరి వంతు, ఎవరికి ఇప్పటిదాకా ఎన్ని లారీలు దక్కాయి, కొత్తవాడి పేరు ఏ షరతు మీద ఎక్కుతుంది, ఈ మూడూ రాసిన పలక మండీ గేటుకు బయటివైపున వేలాడాలి.