ఫసలీ లెక్క నుంచి గిట్‌హబ్ దాకా: ఉద్దానం సమకాలీన చరిత్రకు యంత్రసహాయంతో ఆధార సేకరణ

వ్యాససంగ్రహం

పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతాల ఇటీవలి చరిత్రకు కావలసిన ప్రాథమిక ఆధారాలు అనేకం ప్రభుత్వ వెబ్‌సైట్లలో పుట్టి, అక్కడే కనుమరుగవుతున్నాయి. అటువంటి పుటలను యంత్రం ద్వారా సేకరించి, ప్రతి మార్పునూ తేదీతో సహా భద్రపరచే పద్ధతి ఎలా రూపొందిందో, కోడ్ రాయడం రాని పరిశోధకునికి అది ఎలా అందుబాటులోకి వచ్చిందో ఈ వ్యాసం వివరిస్తుంది. కరణాల కాలపు ఫసలీ లెక్కలతో దీనికి గల పోలికను, ఈ పద్ధతి హద్దులను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉద్దానం, ఫసలీ, అడంగల్, వెబ్ స్క్రేపింగ్, గిట్‌హబ్, నో-కోడ్, తిత్లీ తుపాను.

1. ఉపోద్ఘాతం

కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఉద్దానం గడచిన రెండు దశాబ్దాలుగా రెండు కారణాల వల్ల వార్తల్లో నిలిచింది. ఒకటి తుపానులు, రెండు మూత్రపిండాల వ్యాధి. ఈ రెండింటి చరిత్ర రాయదలచిన పరిశోధకునికి వాతావరణ శాఖ హెచ్చరికలు, ప్రభుత్వ ఉత్తర్వులు, ఆరోగ్య ప్రకటనలు ముఖ్యాధారాలు. ఇవి నేడు ప్రధానంగా వెబ్ పుటల రూపంలోనే వెలువడుతున్నాయి. కాగితానికీ వెబ్ పుటకూ ఒక మౌలికమైన భేదం ఉంది. కొత్త కాగితం వచ్చినా పాతది కట్టలో ఉంటుంది. కొత్త పాఠం వచ్చిన వెబ్ పుటలో పాతది మిగలదు. ఈ లోపాన్ని పూరించే మార్గమేది అన్నదే ఈ వ్యాసం చర్చించే ప్రశ్న.

2. ఏటికొక పుస్తకం

టెక్కలి, మందస జమీందారీలు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో అధికభాగం అందులో చేరింది. ఈ తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అంతకు రెండేళ్ల ముందే, 1948లో, మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. పాలకులు మారారు, సరిహద్దులు మారాయి. గ్రామ లెక్కను ఫసలీల వారీగా రాసే ఆనవాయితీ మాత్రం కొనసాగింది. జూలైలో మొదలై జూన్‌లో ముగిసే ఫసలీకి ఆ ఫసలీ అడంగల్ వేరుగా ఉండేది. కొత్తది తెరిచినంత మాత్రాన పాతది చెరిగేది కాదు.

కరణం రాత నిష్పాక్షికమైనదని చెప్పలేం. జమీందారీ గ్రామాల్లో కరణాల విధులను 1802 నాటి రెగ్యులేషన్ నిర్దేశించినా, ఊరి పెద్దల ప్రాబల్యం లెక్కల్లోకి చొరబడే అవకాశం ఉండేది. అయినా తప్పుడు రాత సైతం తన ఫసలీ సంఖ్యతో నిలిచి ఉండేది గనుక, ముందు వెనుకల లెక్కలతో పోల్చి దానిని పట్టుకోవచ్చు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణాల పదవులను రద్దు చేసింది. ఆ వ్యవస్థను మరల కోరుకోనక్కరలేదు. దాని వరుసక్రమంలోని గుణాన్ని మాత్రం గుర్తించాలి.

3. మూడు పనిముట్లు, మూడు చరిత్రలు

వెబ్ పుటలోని సమాచారాన్ని ప్రోగ్రాము ద్వారా గ్రహించడమే వెబ్ స్క్రేపింగ్. యంత్రాలు ఏ పుటలను చదవవచ్చో, వేటిని విడిచిపెట్టాలో సూచించే ‘రోబోట్స్’ మర్యాద 1994లోనే రూపొందింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996లో మొదలై, తాను దాచిన పుటలను 2001లో వేబ్యాక్ మెషిన్ పేరుతో ప్రజలకు తెరిచింది. అయితే ఏ పుటను ఎప్పుడు దాచాలన్నది ప్రధానంగా దాని నిర్ణయం. పలాస పరిశోధకుని అవసరం దానికి తెలియదు.

రెండవది కోడ్ నిల్వ. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్, ఫైలులో జరిగే ప్రతి మార్పునూ తేదీ, రాసినవారి పేరు, చిన్న వివరణలతో ‘కమిట్’గా నమోదు చేస్తుంది. 2008లో వచ్చిన గిట్‌హబ్ ఆ నిల్వలను ఇంటర్నెట్‌లో అందరికీ చూపగలిగింది. ప్రోగ్రాముల కోసం పుట్టిన ఈ పరికరం పాఠపరిష్కర్తలకు సుపరిచితమైన పనే చేస్తుంది. రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠభేదాలను చూపుతుంది.

మూడవది ఈ రెండింటినీ కలిపే గొలుసు. 2007లో వచ్చిన యాహూ పైప్స్‌లో తెరపై గడులను గీతలతో కలిపితే చాలు, సమాచారం ఒకదాని నుంచి మరొకదానికి ప్రవహించేది. 2010 తరువాత ఐఎఫ్‌టీటీటీ, జేపియర్, 2019లో ఎన్8ఎన్ ఆ దారిలో వచ్చాయి. సైమన్ విల్లిసన్ అనే ప్రోగ్రామర్ 2020లో, వెబ్ పుటను నిర్ణీత వ్యవధుల్లో సేకరించి గిట్‌లో చేర్చే పద్ధతికి ‘గిట్ స్క్రేపింగ్’ అని పేరు పెట్టాడు. ఎన్8ఎన్ వంటి పరికరంలో దీనికి నాలుగు గడులు సరిపోతాయి. మొదటిది గంటకోసారి గొలుసును నడిపిస్తుంది. రెండవది పుటను తెస్తుంది. మూడవది కావలసిన భాగాన్ని వేరుచేస్తుంది. నాలుగవది దానిని గిట్‌హబ్ నిల్వలో చేరుస్తుంది.

4. తిత్లీ: ఎప్పుడు ఏం తెలిసింది?

2018 అక్టోబరు 8న బంగాళాఖాతంలో వాయుగుండంగా మొదలైన తిత్లీ, 11వ తేదీ తెల్లవారుజామున 4:30, 5:30 మధ్య పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి.

తుపాను గమనాన్ని వాతావరణ శాఖ తరువాత సమగ్ర నివేదికగా ప్రచురిస్తుంది. గాలి ఎటు వీచిందో అందులో తెలుస్తుంది. చరిత్రకారునికి కావలసింది అంతకు భిన్నమైనది: వజ్రపుకొత్తూరు మత్స్యకారునికి, కవిటి రైతుకు ఏ గంటకు ఏ హెచ్చరిక అందుబాటులో ఉంది? తీరం దాటే చోటు గురించిన అంచనా ఎప్పుడెప్పుడు మారింది? బాధ్యత, సన్నద్ధత గురించిన ఏ చర్చకైనా ఇదే పునాది. దీనికి సమాధానం మూడు గంటలకోసారి, చివరి దశలో గంటకోసారి మారే ప్రకటనల వరుసలో ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే స్థానికునికి కరెంటు, ఫోను ఉండవు. ఎంత శ్రద్ధ గల పరిశీలకుడైనా పలాసలో కూర్చుని ఆ పుటను భద్రపరచలేడు. దూరంగా ఉన్న సర్వరుపై నడిచే గొలుసు ఆ పని చేయగలదు. తుపాను ప్రాంతానికి ఈ పద్ధతి ప్రత్యేక విలువ ఇక్కడే ఉంది.

5. ఉత్తర్వుల మధ్య ఖాళీ

మూత్రపిండాల వ్యాధికి సంబంధించి 2019 సెప్టెంబరు 6న పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 200 పడకల ఆ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. ఈ రెండు తేదీల నడుమ జరిగిన పాలనా నిర్ణయాలను అనుసరించాలంటే ఉత్తర్వులు కావాలి. 2008 నుంచి ఉత్తర్వులను ప్రజలకు చూపుతూ వచ్చిన వెబ్‌సైటులో వాటిని ఉంచడం 2021 ఆగస్టులో నిలిచిపోయింది. తరువాత ఎంపిక చేసినవి ఈ-గెజిట్‌లో వచ్చాయి. 2024 ఆగస్టులో పాత పద్ధతిని పునరుద్ధరించాలని నిర్ణయించారు. ఆసుపత్రి నిర్మాణకాలంలో సగానికి పైగా ఈ వ్యవధిలోనే పడింది. ప్రచురించని ఉత్తర్వును ఏ యంత్రమూ తేలేదు. అయితే రోజూ నడిచే నిల్వ ఉంటే, ఉత్తర్వులు ఏ రోజున ఆగాయో ఆ నిల్వే సాక్ష్యమిస్తుంది. లేకపోవడం కూడా తేదీతో నమోదైతే ఆధారమవుతుంది.

6. మనుషులు, యంత్రాలు

2020 మార్చి నుంచి 2021 అక్టోబరు వరకు కోవిడ్19ఇండియా స్వచ్ఛంద బృందం రాష్ట్రాల ప్రకటనల నుంచి జిల్లాల వారీ అంకెలను సేకరించి, వాటినీ, తన కోడ్‌నూ గిట్‌హబ్‌లో అందరికీ అందించింది. చిత్రాల రూపంలో, రకరకాల నమూనాల్లో వచ్చిన ప్రకటనలను చదివి సరిచూడడానికి మనుషులే కావలసివచ్చింది. గొలుసు పుటను తెస్తుంది గాని అర్థాన్ని తేదు. ‘బాధితులు’ అన్న మాట ఒక ప్రకటనలో డయాలసిస్ చేయించుకునేవారినీ, మరొక దానిలో వ్యాధి గుర్తించిన వారందరినీ సూచిస్తే, ఆ భేదాన్ని పసిగట్టవలసినవాడు పరిశోధకుడే.

7. హద్దులు

ఈ పద్ధతికి నాలుగు హద్దులు ఉన్నాయి. మొదటిది, కమిట్ తేదీ సేకరణ తేదీయే తప్ప ప్రచురణ తేదీ కాదు. పైగా గిట్ చరిత్రను నిల్వదారు తిరగరాయవచ్చు గనుక, మరొక సంస్థ వద్ద రెండవ ప్రతి ఉండాలి. రెండవది, పుట నిర్మాణం మారితే గొలుసు నిశ్శబ్దంగా తెగిపోతుంది. అందుచేత వేరుచేసిన భాగంతో పాటు పూర్తి పుటను కూడా దాచాలి. మూడవది, పరికరాలు శాశ్వతం కావు. యాహూ పైప్స్ 2015లో మూతపడింది. నాలుగవది అన్నిటికన్నా ముఖ్యమైనది. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షను అనుమతి లేని సేకరణను నిషేధిస్తుంది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. పింఛను జాబితాలోని రోగి పేరు నిల్వలో చేరితే, తరువాత చెరిపినా పాత కమిట్‌లలో మిగిలిపోతుంది. చెరగకపోవడమనే గుణమే ఇక్కడ హాని. కాబట్టి వ్యక్తుల వివరాలు గల పుటలను అసలు సేకరించకూడదు.

8. ముగింపు

ఫసలీ లెక్కకు విలువనిచ్చినది కరణం నేర్పు కాదు, ఏటికేడు విడిగా నిలిచిన పుస్తకాల వరుస. వెబ్ పుటలు ఆ వరుసను పోగొట్టాయి. సేకరణనూ నిల్వనూ కలిపే గొలుసు దానిని తిరిగి ఇవ్వగలదు. ఇది సాఫ్ట్‌వేర్ విభాగం కోసం ఎదురుచూడవలసిన పని కాదు. జిల్లాలోని ఏ కళాశాల చరిత్ర శాఖ అయినా తుపాను హెచ్చరికలతో మొదలుపెట్టి, ఏ పుటలను ఎందుకు ఎంచుకున్నదో రాసిపెట్టుకుని నడపవచ్చు. నిన్నటి పుటను ఈరోజు తిరిగి సేకరించలేం. అందుచేత అక్టోబరు తుపానులకు ముందే ఈ పని మొదలుకావాలి.