వాక్-శ్రవణ సహాయకుల శిక్షణ: ముఖ్యాంశాలు

మాట, భాష, వినికిడి లోపాలు గల వారికి నిపుణుల పర్యవేక్షణలో సేవలందించే సహాయకుల కొరకు భారత పునరావాస మండలి ఏడాది డిప్లొమా కోర్సు (డి.హెచ్.ఎల్.ఎస్.)ను నిర్దేశించింది. సైన్సు గ్రూపుతో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులు ఇందుకు అర్హులు.

మైసూరులో 1965లో ఏర్పాటైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ శిక్షణను వీడియో కాన్ఫరెన్సు ద్వారా ఇతర రాష్ట్రాల కేంద్రాలకు విస్తరించింది. ముంబయిలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది.

లోపాలను ప్రాథమికంగా గుర్తించడం, వినికిడి పరీక్షలలో తోడ్పడడం, నిపుణులు రూపొందించిన ప్రణాళిక మేరకు అభ్యాసాలు చేయించడం, ఇంటివద్ద చేయించవలసిన సాధనను తల్లిదండ్రులకు నేర్పడం సహాయకుల విధులు. లోప నిర్ధారణ, చికిత్సా ప్రణాళిక మాత్రం డిగ్రీ గల నిపుణుల బాధ్యత. బిడ్డకు భాష అలవడే తొలి సంవత్సరాలు తిరిగి రావు గనుక ఈ హద్దును పాటించడం అత్యవసరం.

వాక్, భాషా వైకల్యాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది. పునరావాస మండలి చట్టం, 1992లోని 13వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులో పేరు లేని వారు పునరావాస నిపుణులుగా పనిచేయరాదు. ఉల్లంఘించిన వారికి ఏడాది వరకు జైలు, రూ.1,000 వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. కావున నియామకాలకు, శిబిరాల నిర్వహణకు ముందు అధికారులు అభ్యర్థుల రిజిస్ట్రేషన్‌ను సరిచూడవలసి ఉంటుంది.